ఎంబీఏ ఎంట్రన్స్‌కి ఏ గైడ్ కొనాలి? ఇంట్లో ఇప్పటికే ఐదున్నాయి

నయీంనగర్ నాలా:

నమస్తే అందరికీ. బీటెక్ అయిపోయి రెండేళ్లు. ఇంట్లో కూర్చునే ఒక కంపెనీకి టెస్టింగ్ పని చేస్తున్నా. నవంబర్‌లో ఐఐఎంల ఎంట్రన్స్ క్యాట్ రాద్దామని ఉంది. అది తేడా కొడితే ఎండాకాలంలో మన రాష్ట్రం ఎంబీఏ ఎంట్రన్స్ ఐసెట్. మధ్యలో ఒక సీనియర్ అన్న వచ్చి "నీకు ఎక్స్‌పీరియెన్స్ ఉంది కదా, విదేశాల్లో కూడా చెల్లే జీమ్యాట్ పరీక్ష రాసి హైదరాబాద్‌లో ఐఎస్‌బీ బిజినెస్ స్కూల్‌కి పెట్టుకో" అని తన పాత గైడ్ చేతిలో పెట్టి పోయాడు.

ఇప్పుడు మంచం కింద ఐదు పుస్తకాలు. ప్రతిదాంట్లో మొదటి నలభై పేజీల నిండా పెన్సిల్ గీతలు, ఆ తర్వాత అంతా తెలుపే. నంబర్ సిస్టమ్ చాప్టర్ ఐదుసార్లు చేశా, జామెట్రీ దాకా ఒక్కసారీ పోలేదు. నిన్న హన్మకొండ చౌరస్తాలో షాపుకి పోతే ఆరోది చూపించాడు, కొత్త ఎడిషన్ అని. చెయ్యి జేబు దాకా పోయింది. మా అమ్మ ముఖం గుర్తొచ్చి ఆగిపోయా. ఏది ఉంచుకోవాలి, ఏది కొనాలి, చెప్పండి.

కాజీపేట జంక్షన్:

ముందు ఆ ఐదూ ఏంటో, ఎప్పుడు అచ్చయ్యాయో చెప్పు తమ్మీ. అట్ట మీద సంవత్సరం కాదు, లోపల రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడు, అది. అట్ట ఏటా మారుస్తారు, లోపల సరుకు మారదు.

నయీంనగర్ నాలా:

చూశా అన్నా. జీమ్యాట్ అఫీషియల్ గైడ్ 2021ది. క్యాట్ క్వాంట్ (లెక్కలు) లావు పుస్తకం 2014 ప్రింట్, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నా. మూడోది ఇంగ్లిష్ పదాల పుస్తకం, మూడు వేల పదాలు, అర్థాలు. నాలుగోది ఐసెట్ గైడ్, పోయినేడాదిది. ఐదోది ఒక కోచింగ్ సెంటర్ మెటీరియల్, జిరాక్స్ తీసి స్పైరల్ బైండింగ్ చేసింది. దాంట్లో కొన్ని పేజీల అంచులు కోసుకుపోయాయి, నాలుగో ఆప్షన్ కనబడదు.

కాజీపేట జంక్షన్:

నాలుగో ఆప్షన్ లేని పుస్తకం! దాన్ని పక్కన పెట్టు, వెనకవైపు రఫ్ వర్క్‌కి పనికొస్తుంది.

జీమ్యాట్ సంగతి. 2023 నవంబర్‌లో ఆ పరీక్ష స్వరూపమే మారింది. 2024 జనవరి ఆఖరుతో పాతది ఆగిపోయింది. ఇప్పుడు మూడు సెక్షన్లు: క్వాంట్ 21 ప్రశ్నలు, వెర్బల్ (ఇంగ్లిష్) 23, డేటా ఇన్‌సైట్స్ (పట్టికలు, గ్రాఫులు చూసి తేల్చేవి) 20. ఒక్కోదానికి 45 నిమిషాలు. వ్యాసం రాసేది తీసేశారు, సెంటెన్స్ కరెక్షన్ తీసేశారు, క్వాంట్‌లో జామెట్రీ తీసేశారు. డేటా సఫిషియెన్సీని, అంటే ఇచ్చిన సమాచారం జవాబుకి సరిపోతుందా అని అడిగే ప్రశ్నల్ని, క్వాంట్ నుంచి డేటా ఇన్‌సైట్స్‌లోకి మార్చారు. స్కోరు కూడా 200 నుంచి 800 కాదు, 205 నుంచి 805. అంటే నీ 2021 పుస్తకంలో సెంటెన్స్ కరెక్షన్ మొత్తం, జామెట్రీ లెక్కలన్నీ దండగ. రీడింగ్, క్రిటికల్ రీజనింగ్ (వాదనలో బలమెంతో చూసే ప్రశ్నలు), మిగతా లెక్కలు మాత్రం ఇప్పటికీ బంగారమే. అవి ఆ పరీక్ష పెట్టేవాళ్లే తయారుచేసినవి, బయటివాడు రాసిన నకలు కాదు. పారేయకు.

క్యాట్ సంగతి. 2015 ముందు పుస్తకాలతో ఒక తిరకాసు ఉంది, ఎవరూ చెప్పరు. అప్పటిదాకా అన్నీ ఆప్షన్ల ప్రశ్నలే. అందుకే ఆ పుస్తకాల్లో సగం షార్ట్‌కట్లు "ఆప్షన్లు ఒక్కొక్కటి సమీకరణంలో పెట్టి చూడు" అనే రకం. 2015 నుంచి జవాబు మనమే టైప్ చేసే ప్రశ్నలు వచ్చాయి. 2024 క్వాంట్‌లో దాదాపు మూడో వంతు అవే. అక్కడ ఆప్షనే లేదు, ఇంక ఏది పెట్టి చూస్తావ్? వాటికి నెగెటివ్ మార్కు లేదు, అదొక్కటే ఊరట. పైగా 2020 నుంచి పరీక్ష మూడు గంటల నుంచి రెండు గంటలకి తగ్గింది. సెక్షన్‌కి 40 నిమిషాలు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూకనివ్వరు. కాబట్టి 2014 పుస్తకంలో కాన్సెప్టులు చదువుకో, తప్పులేదు. కానీ అందులోని మాక్ పేపర్లు చేసి "నాకు టైమ్ సరిపోతోంది" అని మురిసిపోకు.

రిటైర్డ్ లెక్కల సారు:

బాబూ, సంవత్సరం చూడటం అవసరమే, కానీ కొత్తగా అచ్చయిన చెత్త కూడా ఉంటుంది. నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాను. షాపులో నిలబడి పది నిమిషాల్లో గైడ్ తూకం వేసే పద్ధతి ఒకటి చెప్తాను.

శాతాల చాప్టర్ తీయండి. ఈ లెక్క ప్రతి గైడ్‌లో ఏదో ఒక రూపంలో ఉంటుంది: మిర్చి ధర 25 శాతం పెరిగింది, ఇంటి ఖర్చు పెరగకూడదంటే వాడకం ఎంత శాతం తగ్గించాలి? జవాబు 20 శాతం. జవాబు అన్ని పుస్తకాల్లో ఒకటే. కింద సాధన ఎలా రాశాడో చూడండి.

ఒక రకం పుస్తకంలో సూత్రం ఉంటుంది: పెరిగిన శాతాన్ని వందతో గుణించి, వందకి పెరిగిన శాతం కలిపి దానితో భాగించు. అయిపోయింది, తర్వాతి లెక్క. రెండో రకం పుస్తకం ఇలా మాట్లాడుతుంది: కిలో 200 ఉన్నప్పుడు వెయ్యి రూపాయలకి ఐదు కిలోలు వచ్చేవి. ఇప్పుడు కిలో 250, అదే వెయ్యికి నాలుగే వస్తాయి. ఐదులో ఒకటి పోయింది, అంటే 20 శాతం. ధర నాలుగింట ఐదు వంతులైతే వాడకం ఐదింట నాలుగు వంతులవుతుంది, భిన్నం తిరగబడింది, అంతే.

ఇప్పుడు లెక్క కాస్త తిప్పుదాం. ఖర్చు అసలు పెరగకూడదు అని కాదు, పది శాతం దాకా పెరిగినా ఫరవాలేదు అన్నాడు. సూత్రం బట్టీ పట్టిన పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. రెండో పుస్తకం చదివినవాడు 1100ని 250తో భాగిస్తాడు. 4.4 కిలోలు. ఐదులో 0.6 తగ్గింది, 12 శాతం. క్యాట్‌లో వచ్చేది ఈ తిప్పిన లెక్కే. మొదటి రకం పుస్తకంలోని సూత్రం బస్ పాస్ లాంటిది, ఆ రూటులోనే పనిచేస్తుంది.

వెనక జవాబుల పట్టీ మాత్రమే ఇచ్చి సాధనలు లేని పుస్తకమైతే ధర కూడా అడగకండి.

మిర్చిబండి:

సార్, మా ఇంట్లో మిర్చి ధర పెరిగితే వాడకం తగ్గలేదు, నాన్న కోపం పెరిగింది. ఎనుమాముల మార్కెట్‌లో ధర పడితే కూడా ఆయనకి కోపమే, ఎందుకంటే మేం పండించేవాళ్లం. దానికేమైనా సూత్రం ఉందా?

రిటైర్డ్ లెక్కల సారు:

దానికి డేటా సరిపోదు బాబూ.

మంచిర్యాల అక్క:

పై జోకు జీమ్యాట్ రాసినవాళ్లకే అర్థమవుతుంది, సార్‌కి దండం.

నేను కొత్త ప్యాటర్న్‌లోనే రాశా. పుస్తకం ఎంచుకోవడంలో నేను తప్పు చేయలేదు, వాడటంలో చేశా. అది చెప్తా, ఇంకెవరూ చేయకండి.

జీమ్యాట్‌కి అసలు ప్రశ్నలు ఎక్కడివంటే, పరీక్ష పెట్టే జీమ్యాక్ సంస్థవే. వాళ్ల అఫీషియల్ గైడ్, వాళ్ల ఆన్‌లైన్ ప్రాక్టీస్ ఎగ్జామ్స్ ఆరు. ఆ ఆరింటిలో రెండు ఫ్రీ, నాలుగు కొనుక్కోవాలి. వెర్బల్‌లో అయితే బయటివాళ్ల ప్రశ్నకి, వీళ్ల ప్రశ్నకి తేడా నాకు స్పష్టంగా తెలిసింది. బయటివాళ్లు తప్పు ఆప్షన్‌ని మరీ తప్పుగా రాస్తారు, చదవగానే పోతుంది. అసలు పరీక్షలో తప్పు ఆప్షన్ పట్టుచీర కట్టుకుని వస్తుంది. ప్యాసేజ్‌లో ఉన్న మాటలే ఉంటాయి, ఒక్క "మాత్రమే" ఎక్కువ ఉంటుంది.

నేనేం చేశానంటే, ఉత్సాహం ఆపుకోలేక మొదటి నెలలోనే ఆ ఆరు ఎగ్జామ్స్ రాసేశా. అప్పటికి బేసిక్స్ లేవు. మార్కులు రాలేదు, ఏడుపొచ్చింది. ఆఖరి నెలలో నిజంగా నన్ను నేను కొలుచుకోవాల్సినప్పుడు చూస్తే చేతిలో కొత్త పేపర్ ఒక్కటీ లేదు. మళ్లీ రాస్తే చూసిన ప్రశ్నలు తగిలాయి, స్కోరు పెరిగినట్టు కనబడింది, అది అబద్ధం. ఒక ఫ్రీ పేపర్ మొదట్లో రాయండి, మీ స్థాయి తెలుస్తుంది. మిగతావి చివరి ఐదారు వారాలకి దాచుకోండి, అటక మీద ఆవకాయ జాడీ లాగా.

ఇంకోటి. క్వాంట్‌లో క్యాలిక్యులేటర్ ఇవ్వరు, డేటా ఇన్‌సైట్స్‌లో మాత్రమే ఇస్తారు. క్యాట్‌లో ఇస్తారు. రెండూ కలిపి చదివేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, చేతికి అలవాటు పడితే కష్టం. జీమ్యాట్‌లో సెక్షన్ చివర టైమ్ మిగిలితే వెనక్కి వెళ్లి మూడు జవాబుల దాకా మార్చుకోవచ్చు. పాత గైడ్లలో "వెనక్కి వెళ్లలేరు" అనే ఉంటుంది, దాన్ని నమ్మి ఒకే ప్రశ్నకి ఐదు నిమిషాలు అంటిపెట్టుకుని కూర్చోకండి.

తమ్ముడూ, సీనియర్ ఇచ్చాడని జీమ్యాట్‌లోకి దూకకు. ఆ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, తర్వాతైనా రాసుకోవచ్చు. క్యాట్ స్కోరు ఆ ఏడాది అడ్మిషన్లకే. ముందు దాని సంగతి చూడు.

జమ్మికుంట మూడోసారి:

ఐసెట్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను మాట్లాడతా. డిగ్రీ తెలుగు మీడియం. మా ఊళ్లో ఐఎస్‌బీ అంటే బ్యాంకు అనుకుంటారు. మాకు ఐసెట్ సేఫ్టీ కాదన్నా, అదే మెయిన్.

200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగెటివ్ లేదు. ఎనలిటికల్ 75, మ్యాథ్స్ 75, కమ్యూనికేషన్ 50. ప్రశ్నకి ముప్పావు నిమిషం. క్యాట్ క్వాంట్‌లో 22 ప్రశ్నలకి 40 నిమిషాలు. అంటే ఒకటి లోతు బావి, ఇంకోటి పరుగు పందెం. క్యాట్ చదివితే ఐసెట్ దానంతటదే వస్తుందనేది సగమే నిజం. ఐసెట్‌లో మీన్, మీడియన్, స్టాండర్డ్ డీవియేషన్ ఉంటాయి. బిజినెస్ పదాలు, కంప్యూటర్ పదాలు అడుగుతారు. ఇవి క్యాట్ పుస్తకాల్లో వెతికినా దొరకవు.

నా గైడ్ కథ వినండి. మొదటిసారి కొన్నదాంట్లో డేటా సఫిషియెన్సీకి ఐదు ఆప్షన్లు ఇచ్చాడు. ఐసెట్‌లో నాలుగే: ఒకటో వాక్యం చాలు, రెండోది చాలు, రెండూ కలిపితేనే చాలు, కలిపినా చాలదు. జీమ్యాట్‌లో ఐదు, అక్కడ "దేనికదే విడివిడిగా చాలు" అని ఇంకోటి ఉంటుంది. మా గైడ్ రాసినాయన ఎక్కడి నుంచో ఎత్తి తెచ్చి ఐసెట్ అట్ట వేశాడన్నమాట. నాకప్పుడు ఈ తేడా తెలీదు. మూడు నెలలు ఐదు ఆప్షన్లతో ప్రాక్టీస్ చేసి పోయా. హాల్లో కంప్యూటర్ మీద నాలుగు చూసి, స్క్రీన్ పాడైందేమో అని ఇన్విజిలేటర్‌ని పిలిచా. ఆయన నా ముఖం చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ సెక్షన్‌లో మొదటి ఇరవై ప్రశ్నలూ అవే.

అదే పుస్తకం వెనక కీలో తప్పులు కూడా. ఒక లెక్కకి నాకు వేరే జవాబు వస్తుంటే రెండు రోజులు నా బుర్రనే తిట్టుకున్నా. ఇప్పుడు పాత పేపర్లే నా గైడ్. ఐసెట్ చాలా ఏళ్లు మన కాకతీయ యూనివర్సిటీయే నిర్వహించింది, 2025లో నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీకి వెళ్లింది. నిర్వహించేవాళ్లు మారినా ప్రశ్నల తీరు పాత పేపర్లు చేస్తే పట్టుబడుతుంది. గైడ్ కొంటే సాధనల కోసం ఒక్కటి కొనండి, సిలబస్‌ని మాత్రం నోటిఫికేషన్‌తో పోల్చి చూసుకున్నాకే.

వేయిస్తంభాలు:

ఎందుకీ పుస్తకాల గోల? నేను ఒక్క పుస్తకం కొనలేదు. మాక్ టెస్టులు తీసుకున్నా, రోజుకొకటి రాశా. ఒడ్డున కూర్చుని ఈత పుస్తకం చదివితే ఈత వస్తుందా? భద్రకాళి చెరువులో దూకాలి.

కాజీపేట జంక్షన్:

ఎంత వచ్చింది అన్నా, పర్సంటైల్?

వేయిస్తంభాలు:

అది వేరే విషయం.

కాజీపేట జంక్షన్:

వేరే విషయం కాదు, అదే విషయం :) నేనూ ఆ పని చేసినవాణ్నే. రెండు కంపెనీల మాక్ సిరీస్‌లు కొన్నా. రోజుకొకటి రాసి, స్కోరు చూసుకుని, దుప్పటి ముసుగేసి పడుకునేవాణ్ని. ఇరవై మాక్‌లకి స్కోరు అక్కడక్కడే. తర్వాత ఒక మాక్ రాసి, నాలుగు రోజులు దాన్నే విప్పుకుని కూర్చున్నా. డీఐఎల్‌ఆర్ అంటే డేటా, లాజిక్ పజిళ్ల సెక్షన్; అందులో ఏ సెట్‌లో పన్నెండు నిమిషాలు పోగొట్టుకుని జవాబు రాకుండా బయటికొచ్చానో, అసలు ఆ సెట్ ఎందుకు ముట్టుకున్నానో రాసుకున్నా. 2024లో ఐదు సెట్లు ఇచ్చారు. ఐదూ చేయనక్కర్లేదు. ఏ సెట్ వదిలేయాలో తెలియడమే ఆ సెక్షన్. అది చాప్టర్ల పుస్తకం నేర్పదు, ఆ మాట ఒప్పుకుంటా.

కానీ డబ్బు పెట్టే ముందు ఫ్రీగా ఉన్నవి అవగొట్టండి. 2020 నుంచి క్యాట్ ఒకే రోజు మూడు స్లాట్లలో పెడుతున్నారు, అంటే ఏడాదికి మూడు అసలు పేపర్లు. 2020 నుంచి 2024 దాకా లెక్కేస్తే పదిహేను. నెట్‌లో దొరుకుతాయి. ఏ కంపెనీ మాక్ కూడా వీటికి సాటి రాదు.

నయీంనగర్ నాలా:

వెర్బల్ గురించి ఎవరైనా చెప్పండి. టెన్త్ దాకా తెలుగు మీడియం నేను. పదాల పుస్తకంలో రోజుకి ముప్పై బట్టీ పడుతున్నా, పొద్దునకి ఐదు మిగులుతున్నాయి.

గ్రంథాలయం మెట్లు:

ఆ పుస్తకం మూసెయ్ తమ్మీ. క్యాట్‌లో నేరుగా "ఈ పదానికి అర్థం ఏంటి" అని అడిగే రోజులు పోయాయి. 2024 పేపర్‌లో 24 ప్రశ్నలుంటే అందులో 16 నాలుగు ప్యాసేజ్‌ల మీద. మిగతా ఎనిమిది వాక్యాలు వరసలో పెట్టడం, పేరాకి సారాంశం, తప్పిపోయిన వాక్యం ఎక్కడ పెట్టాలి లాంటివి. అన్నీ చదవడం మీదే. ఐసెట్‌లో వొకాబులరీ ఉంటుంది, అప్పుడు తీయి దాన్ని.

నాదీ తెలుగు మీడియమే. హన్మకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పేరు విని ఉంటావు. మా తాత అక్కడ పేపర్ చదివేవాడట. నేను లైబ్రరీ టేబుల్ దగ్గర ఇంగ్లిష్ పేపర్ పట్టుకుని మొదలుపెట్టా. అందరూ ఎడిటోరియల్ చదువు అంటారు. అది చదివితే రాజకీయం అర్థమైంది కానీ ప్యాసేజ్‌లు అర్థం కాలేదు. ఎందుకంటే క్యాట్‌లో వచ్చేది పక్షుల వలసలు, పాత పటాల చరిత్ర, భాష ఎలా పుడుతుంది, డబ్బు అంటే ఏంటి, ఇలాంటి దీర్ఘ వ్యాసాలు. మనకి సంబంధం లేని విషయం మీద మూడు పేజీలు ఓపికగా చదవడం అలవాటు చేసుకోవాలి.

నేను చేసిన పని ఇది. రోజుకొక వ్యాసం. ఒక్కో పేరా అయ్యాక పెన్సిల్‌తో పక్కన తెలుగులో ఒక్క ముక్క రాసేదాన్ని. "ముందు చెప్పినదాన్ని కాదంటున్నాడు." "ఉదాహరణ." "ఎదుటివాడి వాదన, తనది కాదు." ఇంగ్లిష్‌లో రాయాలని పట్టుబట్టలేదు. రెండు నెలలయ్యాక ఆ పెన్సిల్ ముక్కలు వాటంతట అవే మనసులో పడటం మొదలయ్యాయి. నన్ను ఎక్కువగా ముంచింది ఆ మూడో రకమే: రచయిత వేరేవాళ్ల మాట చెప్తుంటే నేను రచయిత మాట అనుకుని జవాబు పెట్టేదాన్ని.

వెర్బల్‌కి గైడ్ కొనాలనుకుంటే సార్ చెప్పిన పరీక్షే పెట్టు. జవాబు ఎందుకు రైటో చెప్తే చాలదు, మిగతా మూడూ ఎందుకు తప్పో చెప్పాలి. చాలా పుస్తకాలు అక్కడ "స్పష్టంగా తప్పు" అని రాసి తప్పించుకుంటాయి. స్పష్టంగా ఉంటే నేను దాన్ని ఎందుకు పెడతాను స్వామీ?

నయీంనగర్ నాలా (మూడు వారాల తర్వాత):

అందరికీ థ్యాంక్స్. ఏం చేశానో చెప్పడానికి వచ్చా. చౌరస్తా షాపుకి మళ్లీ పోయి ఆ ఆరో పుస్తకంలో శాతాల చాప్టర్ తీసి నిలబడ్డా. సూత్రం, సూత్రం, సూత్రం. పక్కనే ఇంకోటి తీశా, అది కాస్త మాట్లాడేలా ఉంది. షాపాయన "కొంటావా, పరీక్ష ఇక్కడే రాస్తావా" అన్నాడు. కొనలేదు. ఇంటికొచ్చి 2014 పుస్తకం తీస్తే తెలిసింది, దాంట్లో సాధనలు బాగానే ఉన్నాయి, నేనే ఎప్పుడూ చదవలేదు. సమాధానం సరిపోతే టిక్ పెట్టి ముందుకి పోయేవాణ్ని. ఇప్పుడు నంబర్ సిస్టమ్ వదిలేసి అరిథ్‌మెటిక్ నుంచి మొదలుపెట్టా. ఆదివారం ఒక పాత పేపర్, బుధవారం దాకా దాని పోస్టుమార్టం. మొదటి పేపర్ డీఐఎల్‌ఆర్‌లో ఒక్క సెట్ పూర్తయింది. ఒక్కటంటే ఒక్కటి, కానీ నాలుగు ప్రశ్నలూ రైటే.

జీమ్యాట్ గైడ్‌లో క్రిటికల్ రీజనింగ్ రోజుకి ఐదు చేస్తున్నా, అక్క చెప్పిన "మాత్రమే" చాలాచోట్ల పట్టుకుంటున్నా. పదాల పుస్తకం, ఆ జిరాక్స్ ఎవరికైనా కావాలంటే ఊరికే ఇచ్చేస్తా.

మిర్చిబండి:

జిరాక్స్ నాకు. నాలుగో ఆప్షన్ కనబడకపోతే మూడింట్లోనే పెట్టాలి కదా, నా ఛాన్స్ పెరుగుతుంది.

జమ్మికుంట మూడోసారి:

పదాల పుస్తకం నాకు కావాలన్నా, ఐసెట్‌కి పనికొస్తుంది. శనివారం హన్మకొండ వస్తున్నా, బస్టాండ్‌లో కలుస్తావా? పదకొండు గంటలకల్లా దిగుతా.

నయీంనగర్ నాలా:

వస్తా. నా ఐసెట్ గైడ్ కూడా పట్టుకొస్తా, డేటా సఫిషియెన్సీకి ఎన్ని ఆప్షన్లు ఇచ్చాడో కలిసే చూద్దాం. నాకు తెరవాలంటే భయంగా ఉంది.